కాలి వేళ్ళ సందులు పాసిపోతే: ఏ మందు, ఎలా రాయాలి, ఎన్నాళ్ళు

సార్వా ఊడ్పులు మొదలైన దగ్గర్నించి దీపావళి దాకా మందుల షాపు కౌంటరు దగ్గర నేను ఎక్కువగా వినే మాట ఒకటే: "వేళ్ళ సందులు పాసిపోయాయండి, మంచి ట్యూబు ఏదైనా ఇవ్వండి." దాళ్వా నాట్లప్పుడు మళ్ళీ ఓ విడత. రొయ్యల చెరువుల మీద పనిచేసే కుర్రాళ్ళయితే ఏడాది పొడుగునా వస్తూనే ఉంటారు. ట్యూబు ఇవ్వడం అర నిమిషం పని. ఎలా రాయాలో, ఎప్పుడు ఆపాలో చెప్పడానికి పది నిమిషాలు కావాలి. వెనక నలుగురు నిలబడి ఉంటే ఆ పది నిమిషాలు దొరకవు. అందుకని ఆ చెప్పవలసిందంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట పట్టుకోండి. ట్యూబు సగం వైద్యమే, తడి ఆర్పుకోవడం మిగతా సగం. ఈ రెండో సగం వదిలేసినవాళ్ళే ఏటా అదే ట్యూబు కొంటున్నారు.

ఇది బూజు జాతి జబ్బు. ఒంటిమీద తామర తెచ్చే జాతే కాలి వేళ్ళ మధ్య చేరుతుంది. ఎక్కువగా కనబడేది ట్రైకోఫైటాన్ రూబ్రమ్ అనే రకం. చర్మం పైపొరలో ఉండే కెరటిన్ దాని తిండి. తడి, వెచ్చదనం, గాలాడని సందు ఉంటే చాలు దానికి. బురద వల్ల వస్తుందని మనవాళ్ళ నమ్మకం కానీ బురదలోంచి రావడం అరుదు. ఇంకొకరి పాదం నుంచి రాలిన పొట్టు ద్వారా వస్తుంది. స్నానాలగది గచ్చు, ఒకే తువ్వాలు, షెడ్డులో అందరూ మార్చి మార్చి తొడిగే గమ్‌బూట్లు దాని దారులు. బురదనీళ్ళు చేసేదల్లా చర్మాన్ని నానబెట్టి తలుపు తీసి పెట్టడం.

ముందు ఇది అదేనో కాదో చూసుకోండి

పగటి వెలుగులో కూర్చుని చిటికెన వేలినీ దాని పక్క వేలినీ విడదీసి చూడండి. నూటికి తొంభై మందిలో అని లెక్క చెప్పను కానీ, మొదలయ్యేది ఎక్కువగా ఆ సందులోనే. అక్కడి వేళ్ళు బాగా దగ్గరగా ఉంటాయి, గాలి ఆడదు. చర్మం తెల్లగా నాని, గిల్లితే ఊడి వచ్చేలా ఉంటుంది. కింద ఎర్రగా పచ్చిగా కనబడుతుంది. నవ పుడుతుంది, బూట్లు విప్పగానే ఎక్కువవుతుంది. కొందరికి పగిలి మంట.

ఇదే జబ్బుకి ఇంకో రెండు రూపాలున్నాయి. ఒకదాంట్లో అరికాలంతా పొడిబారి, గీతల్లో పిండి చల్లినట్టు తెల్లటి పొట్టు కనబడుతుంది. ఇది పాదం పక్కలకీ ఎక్కుతుంది, దురద పెద్దగా ఉండదు. ఏళ్ళ తరబడి "నా కాళ్ళు మొదట్నించీ ఇంతేనండి" అనుకుని ఊరుకునేది దీన్నే. రెండోదాంట్లో అరికాలి గుంట దగ్గర చిన్న చిన్న నీటి పొక్కులు లేస్తాయి, నవ భరించలేం.

ఇక అదేనని పొరబడే సంగతులు ఇవి. వీటికి కింద చెప్పిన మందు పనిచెయ్యదు.

రోజంతా మడిలో నిలబడి వస్తే రెండు అరికాళ్ళూ తెల్లబడి ముడతలు పడి భగభగమంటాయి. అది నీళ్ళలో నానడం వల్ల వచ్చింది. ఒకటి రెండు రాత్రులు పొడిగా ఉంచితే పోతుంది. పోలేదంటే అప్పుడు ఆలోచించాలి.

గమ్‌బూట్లు వేసుకునేవాళ్ళకి మడమ మీదా మునివేళ్ళ కిందా సూదితో పొడిచినట్టు చిన్న గుంటలు పడి, దుర్వాసన కొడుతుంది. అది బాక్టీరియా పని. దానికి వేరే పూతమందు ఉంది, డాక్టరు రాయాలి.

పాదం పైభాగాన చెప్పు పట్టీ ఉన్నంత మేర మాత్రమే ఎర్రబడి దురద పెడితే అది రబ్బరు పడకపోవడం. చెప్పు మార్చడమే మందు.

చేతి వేళ్ళ సందుల్లో కూడా దురదగా ఉండి, రాత్రిపూట ఎక్కువై, ఇంట్లో ఇంకొకరికీ ఉంటే గజ్జి అయ్యుండొచ్చు.

సందులో చీము పట్టి పచ్చగా, ఆకుపచ్చగా కనబడి కుళ్ళు వాసన వస్తుంటే బూజు మీద బాక్టీరియా కూడా చేరిందన్నమాట. దానికి సొంత వైద్యం వద్దు.

పిల్లల పాదాలకి ఈ జబ్బు తక్కువే. పదీ పన్నెండేళ్ళ లోపు పిల్లలకి పొట్టు రాలుతుంటే చాలాసార్లు అది వేరే ఏదో అవుతుంది. చూపించి రాయించుకోండి.

కావలసినవి

- మామూలు స్నానం సబ్బు. మందు సబ్బు అక్కర్లేదు.
- పాత నూలు పంచె లేదా చీర చింపిన గుడ్డముక్కలు, పూటకొకటి చొప్పున వారానికి సరిపడా.
- బూజుమందు ఒక్కటే ఉన్న క్రీము ట్యూబు (కింద చెబుతాను).
- రెండు జతల చెప్పులు. బూట్లు వేసేవాళ్ళయితే రెండు జతల బూట్లు, నాలుగైదు జతల నూలు సాక్సులు.
- మీకంటూ విడిగా ఒక గోళ్ళ కత్తెర.
- ఫోటో తీయడానికి ఫోను.
- నీళ్ళలోకి దిగక తప్పనివాళ్ళకి ఒక చిన్న వాజలిన్ డబ్బా.

ట్యూబు ఎంచుకోవడం ఇలా. పెట్టె వెనక చిన్న అక్షరాల్లో "కాంపోజిషన్" అని ఉన్నచోట ఒకే ఒక్క మందు పేరు ఉండాలి. క్లోట్రిమజోల్ 1 శాతం, మైకొనజోల్ 2 శాతం, టెర్బినాఫిన్ 1 శాతం, లూలికొనజోల్ 1 శాతం, వీటిలో ఏదైనా ఒకటి. మొదటి రెండూ రోజుకి రెండుసార్లు, నాలుగు వారాలు. లూలికొనజోల్ రోజుకి ఒక్కసారి, వేళ్ళ సందులకి రెండు వారాలు. టెర్బినాఫిన్ పెట్టెమీద ఒక వారం అని ఉండొచ్చు. ఈమధ్య మన దేశంలో ఆ మందుకి సరిగా లొంగని బూజు కనబడుతోంది కాబట్టి ఇక్కడి డాక్టర్లు ఎక్కువగా రెండు నుంచి నాలుగు వారాలు వాడిస్తున్నారు. డబ్బు చూసుకోవాలనుకుంటే క్లోట్రిమజోల్ ఎంచుకోండి. జన ఔషధి కేంద్రాల్లోనూ దొరుకుతుంది. ఖరీదైన ట్యూబు పది రోజులు రాసి మానేసినవాళ్ళ కంటే చవక ట్యూబు నాలుగు వారాలు రాసినవాళ్ళకే ఎక్కువగా తగ్గడం చూస్తున్నాను.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఏ ట్యూబైనా డాక్టర్నో నర్సునో అడిగాకే మొదలుపెట్టాలి. షుగర్ ఉన్నవాళ్ళు, బోదకాలు ఉన్నవాళ్ళు ముందు చివర్లో వాళ్ళ కోసం రాసిన భాగం చదవండి.

చేసే పద్ధతి

1. మొదలుపెట్టే రోజు ఫోటో తీయండి. రెండు పాదాలూ, ప్రతి సందూ, అరికాళ్ళూ. కిటికీ దగ్గర పగలు తీయండి. తర్వాత తగ్గిందా లేదా అన్న వాదన ఇంట్లో వచ్చినప్పుడు ఇదే తీర్పు చెబుతుంది.

2. పని నుంచి రాగానే కడగండి. కాలవ రేవులో కాళ్ళు జాడించుకుని రావడం కడగడం కాదు. ఇంటికి వచ్చాక కుళాయి నీళ్ళతోనో బోరు నీళ్ళతోనో సబ్బు పెట్టి, చేతివేలు ప్రతి సందులోకీ పోనిచ్చి కడగండి. మట్టి గోళ్ళ కిందా ఉంటుంది. వేడినీళ్ళు వద్దు. వేడినీళ్ళు పోస్తే నవ హాయిగా తీరినట్టు ఉంటుంది, చర్మం ఇంకా చితికిపోతుంది. తెల్లగా నానిన చర్మాన్ని గిల్లి ఊడదీయకండి, రాయి పెట్టి తోమకండి. అది ఎండాక దానంతట అదే రాలిపోతుంది. డెట్టాల్ చిక్కగా పోసుకోవడం కూడా ఇక్కడే మానండి.

3. ఆర్పండి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, అందరూ దాటేసేదీ ఇదే. తువ్వాలుతో పైపైన తుడిస్తే సందులో తడి అలాగే ఉంటుంది. నూలు గుడ్డముక్క కొసని వేళ్ళ మధ్య దూర్చి, రుద్దకుండా అద్దండి. ఒక్కో సందూ విడిగా. ఆ తర్వాత కాళ్ళు చాపుకుని ఫ్యాను కింద పది నిమిషాలు కూర్చోండి. మన శ్రావణ మాసపు గాలిలో గుడ్డతో అద్దినా చర్మం చెమ్మగానే ఉంటుంది, ఫ్యాను గాలి తప్పదు. వేళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నవాళ్ళు రాత్రిపూట సందులో చిన్న నూలు పీలిక పెట్టుకుని పడుకోండి, పొద్దున్నే పారేయండి. పాదాలు తుడిచిన గుడ్డని గజ్జల దగ్గరికి తీసుకెళ్ళకండి. గజ్జల్లో తామర చాలామందికి సొంత కాళ్ళ నుంచే వస్తుంది. ఇందుకే స్నానం అయ్యాక లోదుస్తుల కంటే ముందు సాక్సులు తొడుక్కోమని చర్మవైద్యులు చెబుతారు.

4. రసి కారుతుంటే ముందు దాన్ని ఆపండి. పచ్చిగా తడి ఊరుతున్న చోట క్రీము నిలవదు. పొటాషియం పర్మాంగనేట్ ఒకటి రెండు పలుకులు బకెట్టు నీళ్ళలో వేసి పూర్తిగా కరిగించండి. నీళ్ళు లేత గులాబీ రంగులో ఉండాలి, ఊదా రంగు వచ్చిందంటే ఎక్కువైంది, ఇంకాసిని నీళ్ళు పొయ్యండి. కరగని పలుకు చర్మానికి తగిలితే కాలుతుంది. అందులో పది పదిహేను నిమిషాలు పాదాలు ఉంచి, ఆర్పుకోండి. రోజుకి ఒకటి రెండుసార్లు, రెండు మూడు రోజులు చాలు. గోళ్ళు గోధుమరంగుకి తిరుగుతాయి, కంగారు పడకండి, పోతుంది. ఇది చేసినా మూడు రోజుల్లో కారడం ఆగకపోతే ఆసుపత్రికే.

చేపల చెరువులకి, రొయ్యల చెరువులకి వాడే మందుల్ని, అది అయోడిన్ కానీ బ్లీచింగ్ కానీ, కాళ్ళకి పోసుకునేవాళ్ళు మన భీమవరం, ఆకివీడు వైపు ఉన్నారు. ఎకరాల నీళ్ళలో కలిపే మోతాదు కోసం చేసినవవి. వేళ్ళ సందులు కాలిపోతాయి.

5. మందు రాయండి. చూపుడు వేలి చివరి కణుపు పొడవునా ట్యూబు పిండితే సుమారు అర గ్రాము వస్తుంది. సందుల వరకే అయితే అందులో సగం ఒక పాదానికి సరిపోతుంది. అరికాలు, పై పాదం కూడా రాయాలంటే ఒక్కో పాదానికి రెండు కణుపుల మందు కావాలి. కనబడే మచ్చ మీదే కాదు, దాని చుట్టూ రెండు సెంటీమీటర్ల మేర మంచి చర్మానికి కూడా రాయాలి. బూజు అంచుల్లో ముందుకి పాకుతుంటుంది. ఒక్క సందుకే ఉన్నా అన్ని సందులకీ రాయండి, ఒక్క కాలికే ఉన్నా రెండు కాళ్ళకీ రాయండి. చర్మంలో ఇంకిపోయేదాకా మెల్లగా రాసి, చేతులు సబ్బుతో కడుక్కోండి. రాశాక సందులో తెల్లగా వెన్నలా మిగిలిందంటే ఎక్కువ పెట్టారని అర్థం. ఆ మిగిలింది కూడా తడే.

6. రాసే వేళ మీ పనిని బట్టి పెట్టుకోండి. పొద్దున్నే రాసుకుని ఏడింటికల్లా మడిలో దిగితే మందు వరికి పోతుంది. పని నుంచి వచ్చి కడుక్కుని ఆర్పుకున్నాక ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి. రోజుకి ఒక్కసారి మందైతే పడుకునే ముందే.

7. చెప్పులూ బూట్లూ చూడండి. ఒకే బూట్లు రోజూ వేస్తే అవి లోపల ఆరవు. రోజు విడిచి రోజు మార్చండి, ఎండ ఉన్నప్పుడు నాలుక పైకి లేపి ఎండలో పెట్టండి. గమ్‌బూట్లయితే సాయంత్రం లోపల కడిగి తలకిందులుగా బోర్లించండి. ఇంకొకరి బూట్లు తొడగొద్దు. షెడ్డు యజమానులకి ఒక మాట: మనిషికో జత కొనిపెట్టండి, సైజు రాసి పెట్టండి. కూలి పనికి రాని రోజులతో పోలిస్తే ఆ ఖర్చు ఎంతని. సాక్సులు ఒకపూట కంటే ఎక్కువ వేయొద్దు. చేత్తో తాకలేనంత వేడి నీళ్ళలో నానబెట్టి ఉతికి ఎండలో ఆరేయండి. నైలాన్ సాక్సులు చెమటని బయటికి పోనివ్వవు.

8. ఇంట్లో అందరి పాదాలూ చూడండి. ఒకరికి తగ్గేసరికి ఇంకొకరి దగ్గర్నించి మళ్ళీ రావడం మామూలే. ఉన్నవాళ్ళందరూ ఒకేసారి మొదలుపెట్టాలి. స్నానాలగది గచ్చు వారానికి రెండు మూడుసార్లు బ్లీచింగ్ నీళ్ళతో కడగండి, గుమ్మం దగ్గరి గోనెపట్టా తీసి ఎండేయండి. వేసవిలో ఇంటికి వచ్చిన చుట్టాల తువ్వాళ్ళు కూడా ఇందులోకే వస్తాయి, మొహమాటపడకుండా తలా ఒకటి ఇవ్వండి.

9. తగ్గినట్టు కనబడ్డాక ఆపకండి. దురద ముందు పోతుంది, తర్వాత ఎరుపు పోతుంది, బూజు చివర్న చస్తుంది. చర్మం మామూలుగా అయ్యాక ఇంకో వారం పది రోజులు రాయాలి. పైన చెప్పిన వారాలు పూర్తికాకుండానే బాగైనా సరే, ఆ వారాలు పూర్తి చెయ్యాలి.

అందరూ చేసే తప్పులు

అన్నిటికంటే పెద్దది కలగలుపు ట్యూబు. ఒకే ట్యూబులో బూజుమందు, బాక్టీరియా మందు, స్టీరాయిడ్, ఒక్కోసారి ఇంకొకటి కూడా కలిపి అమ్ముతారు. దురదకి ఇది రెండు రోజుల్లో పనిచేస్తుంది, అందుకే జనానికి అదంటే నమ్మకం. "పోయినసారి ఇచ్చిన ఆ నాలుగు మందుల ట్యూబే ఇవ్వండి" అని పేరు పెట్టి అడుగుతారు. దురదని తగ్గించేది అందులోని స్టీరాయిడ్. అది చర్మానికి ఉన్న ఎదిరించే శక్తిని అణిచేస్తుంది. పైకి ఎరుపు పోయి, లోపల బూజు హాయిగా పాకుతుంది. మానేసిన వారానికి రెట్టింపై తిరిగి వస్తుంది. మళ్ళీ రాస్తారు, మళ్ళీ తగ్గుతుంది. ఇలా నెలలు గడిచేసరికి చర్మం పల్చబడి, మచ్చ ఆకారం మారిపోయి, డాక్టరు కూడా చూడగానే పోల్చుకోలేని స్థితికి వస్తుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టీరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ ఎచ్‌లోకి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. కౌంటర్ల దగ్గర ఆ నియమం ఎంతమేరకు నడుస్తోందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కాబట్టి పెట్టె మీరే తిప్పి చూసుకోండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్, ఈ పేర్లలో ఏదైనా కనబడితే వెనక్కి ఇచ్చేయండి. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్ళు మానగానే మంట, ఎరుపు ఎగదన్నొచ్చు. వాళ్ళు చర్మవైద్యుడి దగ్గర మానాలి.

రెండోది పౌడరు. పౌడరు చల్లుకోవడం తప్పు కాదు, పొడి పాదానికి, బూట్లలోకి, మళ్ళీ రాకుండా ఉండటానికి బాగుంటుంది. తడి సందులో చల్లితే ముద్దకట్టి తడిని పట్టి ఉంచుతుంది. క్రీముకి బదులు కాదది.

మూడోది పెరటి వైద్యం. ఊడ్పులకి వెళ్ళేవాళ్ళు ఆషాఢంలో కాళ్ళకి గోరింటాకు పెట్టుకోవడం మన దగ్గర పాత అలవాటు. నూరి పెట్టే పచ్చి ఆకైతే, చర్మం పగలకుండా ఉంటే, మానమని నేను అనను. జబ్బు వచ్చాక దాన్ని నమ్ముకుని వారాలు పోగొట్టుకోవద్దు. కోన్లలో వచ్చే నల్ల గోరింటాకు అసలే వద్దు, అందులో కలిపే రంగుకి చర్మం పొక్కిపోతుంది. పసుపు, కొబ్బరినూనె కూడా అంతే, కడుపుకి హాని లేదు, కాలికి చాలదు. నూనె రాసి సాక్సు తొడిగితే సందు ఇంకా నానుతుంది. కిరసనాయిలు, సున్నం, బ్యాటరీ నీళ్ళు, వీటి గురించి వాదించను. కాలిన పుండ్లు చూశాను.

నాలుగు: అరికాలు పొడిబారిన రకానికి సందుల మందులాగా రెండు వారాలు రాసి "పనిచెయ్యలేదు" అనడం. అక్కడ చర్మం మందం, క్రీము లోపలికి దిగదు. నాలుగు వారాలు దాటి పడుతుంది, తరచుగా మాత్రలు కూడా కావాలి. విట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంట్ అని పాతకాలపు చవక మందు ఒకటుంది, బెంజాయిక్ ఆసిడ్ 6 శాతం, సాలిసిలిక్ ఆసిడ్ 3 శాతం. మందంగా ఉన్న పొట్టుని అది పల్చన చేస్తుంది. పొడి అరికాలికి మాత్రమే వాడాలి. పగిలిన తడి సందులో పెడితే ప్రాణం లేచొస్తుంది.

ఐదు: గోళ్ళు చూడకపోవడం. బొటనవేలి గోరు పసుపుపచ్చగా మందమై పెళుసుగా విరుగుతుంటే బూజు అక్కడ కాపురం పెట్టి ఉండొచ్చు. క్రీము గోరులోకి దిగదు. గోరు బాగుచెయ్యనంతకాలం సందులకి తిరిగి వస్తూనే ఉంటుంది. గోళ్ళకి మాత్రలు నెలల తరబడి పడతాయి, అంతకు ముందు గోరు ముక్క పరీక్ష చేయించాలి.

నీళ్ళలో దిగక తప్పనివాళ్ళు

"పొడిగా ఉంచండి" అని చెప్పడం తేలిక, ఊడ్పుల నెలలో రోజుకూలి వదులుకుని ఇంట్లో కూర్చునేవాళ్ళు ఎవరు? చెయ్యగలిగింది ఇది. దిగేముందు వేళ్ళ సందులకీ పాదాలకీ వాజలిన్ పల్చగా పట్టించండి, నీళ్ళు చర్మంలోకి దిగడం కాస్త ఆలస్యమవుతుంది. మధ్యాహ్నం అన్నాలకి గట్టెక్కినప్పుడు మంచినీళ్ళతో కడిగి, గుడ్డతో అద్ది, తినే అరగంటా కాళ్ళు ఎండకో గాలికో చాపండి. సంచిలో రెండు గుడ్డముక్కలు వేసుకెళ్ళడం మర్చిపోకండి. సాయంత్రం ఇంటికొచ్చి వాజలిన్ అంతా సబ్బుతో పోగొట్టుకున్నాకే బూజుమందు రాయాలి, జిడ్డు మీద రాస్తే పట్టదు. గమ్‌బూటులోకి నీళ్ళు వెళ్ళాయంటే అది ఉత్త కాళ్ళ కంటే హీనం. వెంటనే విప్పి ఒంపేయండి.

లంకల్లో వరద దిగాక ఇళ్ళు కడుక్కునే రోజుల్లో పాదాల పగుళ్ళతో మురుగునీళ్ళలో తిరగవలసి వస్తుంది. ఆ తర్వాత రెండు మూడు వారాల లోపు జ్వరం, పిక్కల నొప్పులు, కళ్ళెర్రబడటం ఉంటే లెప్టోస్పైరోసిస్ కావచ్చు. డాక్టరుతో "వరద నీళ్ళలో తిరిగాను" అనే మాట తప్పకుండా చెప్పండి. అది చెబితేనే ఆ పరీక్ష రాస్తారు.

షుగర్, బోదకాలు ఉన్నవాళ్ళకి

మిగతావాళ్ళకి ఇది చిరాకు పెట్టే జబ్బు. మీకు ప్రమాదం. గోదావరి జిల్లాలు బోదకాలుకి పాత చిరునామాలు. బోదకాలులో శోషరస నాళాలు దెబ్బతిని ఉంటాయి కాబట్టి వేళ్ళ సందు పగులులోంచి దూరిన బాక్టీరియాని కాలు ఎదుర్కోలేదు. అప్పుడే ఆ చలిజ్వరం, కాలు ఎర్రగా కాలిపోవడం, గజ్జల్లో బిళ్ళ కట్టడం. "అమావాస్యకి పున్నమికి జ్వరం వస్తుందండి" అంటారు. చంద్రుణ్ణి వదిలేసి వేళ్ళ సందులు విడదీసి చూడండి. జ్వరం వచ్చిన ప్రతిసారీ వాపు ఇంకాస్త పెరుగుతుంది. కాబట్టి వాపు ఉన్న కాలుని రోజూ సబ్బుతో కడగడం, ముడతల్లో, సందుల్లో తడి లేకుండా అద్దడం, పగులు కనబడిన రోజే బూజుమందు మొదలుపెట్టడం, కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోవడం, ఇవి జన్మంతా చెయ్యాలి. ఒంగలేని పెద్దవాళ్ళకి ఇంట్లోవాళ్ళు చెయ్యాలి.

షుగర్ ఉన్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గి పగిలినా తెలియదు. రోజూ చూసుకోవాలి, అరికాలి కింద అద్దం పెట్టి చూడండి. పగులు, పుండు, రంగు మార్పు ఏది కనబడినా సొంతంగా ట్యూబు కొనకుండా చూపించుకోండి. పాదాలు వేడినీళ్ళలో పెట్టడం మీకు నిషిద్ధం, కాలినా తెలియదు. అరికాలి చర్మాన్ని కరిగించే మందులూ వద్దు.

ఎవరికైనా సరే, ఎరుపు పాదం నుంచి పైకి పాకుతున్నా, కాలు వాచి వేడిగా ఉన్నా, చలితో జ్వరం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. రేపటికి చూద్దాం అనుకోవద్దు.

తగ్గుతోందో లేదో ఎలా తెలుస్తుంది

మూడు నాలుగు రోజులకి నవ తగ్గాలి. వారానికి తెల్లగా నానిన చర్మం ఎండి పొరలుగా రాలాలి, దాన్ని చూసి పెరిగిందని భయపడకండి. రెండు వారాలకి సందు విడదీస్తే గులాబీరంగులో, పొడిగా, పగులు లేకుండా కనబడాలి. మొదటిరోజు ఫోటో పక్కన పెట్టి చూడండి. పాదం పైన మచ్చ ఉంటే మొదటిరోజు దాని అంచు వెంబడి పెన్నుతో గీత గీసి, చెరిగినప్పుడల్లా దిద్దుకోండి. గీత దాటి వస్తే మందు పనిచెయ్యడం లేదన్నమాట. రాసిన ప్రతిసారీ మంట పెరిగి పొక్కులు లేస్తే ఆ మందు మీకు పడలేదు, ఆపేయండి.

సరిగ్గా రాసి, సరిగ్గా ఆర్పుకున్నా రెండు వారాలకి ఏ మార్పూ లేకపోతే ట్యూబు మార్చి ఇంకో ట్యూబు కొనకండి. చర్మవైద్యుడికి చూపించండి. పీఎచ్‌సీలో చూపించుకుంటే ఏరియా ఆసుపత్రికో కాకినాడ జీజీహెచ్‌లో చర్మవ్యాధుల విభాగానికో రాసిస్తారు. అక్కడ చర్మం పొట్టు కొద్దిగా గీకి, కెఓఎచ్ అనే ద్రావణంలో వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. నొప్పి ఉండదు. వెళ్ళేముందు వారం పది రోజులు పాదాలకి ఏ క్రీమూ రాయకండి, మందు రాసి ఉంటే బూజు ఉన్నా కనబడకపోవచ్చు. వాడిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, సంచిలో వేసుకుని వెళ్ళండి. పేరు గుర్తులేక "ఎర్ర డబ్బా మందు" అని చెబితే డాక్టరుకి ఏమీ తెలియదు.

మాత్రలు రాస్తే అవి టెర్బినాఫినో ఇట్రాకొనజోలో అవుతాయి. మీకు కాలేయం జబ్బు ఉన్నా, గుండెకి, కొలెస్ట్రాల్‌కి మాత్రలు వాడుతున్నా, మద్యం అలవాటున్నా ముందే చెప్పండి. పక్కింటాయనకి రాసిన మాత్రలు తెచ్చుకుని వేసుకోవద్దు. ఇట్రాకొనజోల్ గొట్టం మాత్ర అన్నం తిన్న వెంటనే వేసుకుంటేనే ఒంటికి పడుతుంది. గ్యాస్ మాత్రతో కలిపి వేసుకుంటే సరిగా పట్టదు, ఆ సంగతి రాసిచ్చినప్పుడే అడిగి వేళలు పెట్టుకోండి.